మార్కులు మొక్కకు కాదు, నోటుబుక్కుకు వేయండి

సంపాదకులకు నమస్కారం.

జూన్‌లో బడులు తెరవగానే మా వైపు చాలా బడుల్లో మొక్కలు నాటే కార్యక్రమం జరుగుతుంది. గుంత తీస్తారు, మొక్క పెడతారు, నలుగురు పిల్లల్ని పక్కన నిలబెట్టి ఫొటో తీస్తారు. ఆ పని వద్దని నేను అనను. చెట్లు కావాలి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే మా అనంతపురం జిల్లాకు మరీ కావాలి. నా బాధ వేరే. ఆ నాటిన మొక్కకూ లోపల జరిగే సైన్సు క్లాసుకూ ఏ సంబంధమూ ఉండదు. మొక్కల్లో పోషణ పాఠం బోర్డు మీదే అయిపోతుంది, పంటల పాఠం పుస్తకంలోనే అయిపోతుంది, ప్రశ్నలూ జవాబులూ నోట్సులోకి ఎక్కుతాయి. బయట ఆ మొక్క బతికిందో లేదో అడిగేవాళ్లుండరు.

నేను కల్యాణదుర్గం ప్రాంతంలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ టీచర్ని. మా పుట్టిల్లూ మెట్టినిల్లూ రెండూ సేద్యం ఇళ్లే. కొన్నేళ్లుగా ఏడో తరగతి పిల్లల చేత ఖరీఫ్‌లో శెనక్కాయ పెంచిస్తున్నాను. పొలంలో కాదు, బడి వెనక ఉన్న కాస్త జాగాలో, సిమెంటు సంచుల్లో, పాత పెయింటు డబ్బాల్లో. ఆ అనుభవంతోనే ఒక సంగతి అడగాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు ఏటా ఒక పంటకాలం సైన్సు టైమ్‌టేబుల్‌లో భాగం కావాలి. దానికి మార్కులుండాలి. ఆ మార్కులు మొక్క ఎంత ఏపుగా పెరిగిందో చూసి కాకుండా, పిల్లలు తమ కళ్లతో చూసి రాసుకున్న నోటుబుక్కును చూసి వేయాలి.

శెనక్కాయే ఎందుకంటే, మా ప్రాంతంలో ఆ పంట తెలియని పిల్లలు లేరు కాబట్టి. తెలుసనుకున్న దాంట్లో తెలియనిది ఎంత ఉందో చూపించగలిగితే పిల్లలు ఇక వదలరు. "శెనక్కాయ ఎక్కడ కాస్తుంది?" అని అడిగితే క్లాసంతా ఒక్క గొంతుతో "వేరుకు మేడమ్" అంటారు. పీకిన చెట్లు వాళ్లు ఎన్ని చూశారో, ఎండిన కట్టె ఎన్నిసార్లు మోశారో లెక్కే లేదు. అయినా జవాబు అదే. నేను కాదని చెప్పను. విత్తనం వేయిస్తాను.

విత్తడానికి ముందు మొలక పరీక్ష ఉంటుంది. తడి గోనెపట్టాలో వంద గింజలు వరసగా పేర్చి, చుట్టి పెట్టి, ఎన్ని మొలిచాయో లెక్కపెట్టడం మా పెద్దలకు తెలిసిన పనే. ధ్రువీకరించిన వేరుశనగ విత్తనానికి కనీసం 70 శాతం మొలక ఉండాలన్నది మన దేశంలో ప్రమాణం. పిల్లలు ఇంటి నుంచి తెచ్చిన గింజల్ని, అంగట్లో కొన్న గింజల్ని వేరువేరు గుడ్డల్లో చుడతారు. శాతాలంటే లెక్కల క్లాసులో బెదిరిపోయే పిల్లలే, తమ ఇంటి విత్తనం పక్కవాళ్ల దానికంటే ఎక్కువ మొలిచిందా లేదా అనేసరికి గబగబా లెక్క కట్టేస్తారు. ఒక జాగ్రత్త మాత్రం టీచర్లందరికీ చెప్పాలి. మందు పట్టించిన రంగు విత్తనం పిల్లల చేతికి ఇవ్వకూడదు. ఇంట్లో ఒలిచిన మామూలు గింజలే చాలు. అలాగే బడిలో పురుగుమందు అన్నది అసలు ఉండకూడదు. పురుగు వస్తే పురుగును చూస్తాం, ఏ ఆకును ఎలా తిన్నదో రాసుకుంటాం, చేత్తో ఏరగలిగితే ఏరేస్తాం. అంతే.

జూలై మొదట్లో మంచి పదును వాన పడితే విత్తుతాం. ఎర్రమట్టి, కొంచెం ఇసుక, మాగిన పశువుల ఎరువు. కొన్ని గింజలు పైన కోసేసిన నీళ్ల సీసాల్లో, అంచుకు ఆనించి వేస్తాం. సీసా చుట్టూ నల్ల కాగితం తొడిగి, చూడాలనుకున్నప్పుడు తీస్తే వేరు ఎటు పోతోందో కనిపిస్తుంది. ఉడతలూ కాకులూ తవ్వి తినేస్తాయి కాబట్టి మొలకెత్తేదాకా పైన కంప పరుస్తాం. ఆ కంపే తరువాత మేకల్ని కూడా ఆపుతుంది.

మూడు నాలుగు వారాలకు పసుపు పూలు మొదలవుతాయి. అవి పొద్దున్నే విచ్చుకుని ఎండ ముదిరేసరికి వాడిపోతాయి కాబట్టి, చూడాలంటే ప్రార్థన గంట కొట్టకముందే రావాలి. వస్తారు కూడా. మామూలుగా గంట కొట్టాక గేటు దగ్గర కనిపించే పిల్లలు ఆ రోజుల్లో నాకంటే ముందు ఉంటారు. ఒక్కొక్కరు ఒక పూవు దగ్గర కొమ్మకు రంగు దారం కట్టి తేదీ రాసుకుంటారు. పూవు వాడిపోగానే పని అయిపోయిందనుకుని కొందరు ఆ దారం సంగతి మరిచిపోతారు. మరిచిపోనివాళ్లకు వారం పది రోజుల్లో, ఆ పూవు ఉన్న చోటు నుంచే సూది లాంటిది ఒకటి బయటికొచ్చి, నేల వైపు వంగి సాగడం కనిపిస్తుంది. రైతులు దాన్ని ఊడ అంటారు. దాని కొనలోనే అండాశయం ఉంటుంది. అది మట్టిలోకి దిగాకే, చీకట్లో, కొన ఉబ్బి కాయ అవుతుంది. పూవు నేల మీద, కాయ నేల కింద.

ఇక్కడే ఒక చిన్న ప్రయోగం చేస్తాం. ఒక ఊడను మామూలుగా దిగనిస్తాం. ఇంకో ఊడ కింద ప్లాస్టిక్ మూత ఒకటి అడ్డం పెడతాం. మట్టి అందని ఊడ కొన్నాళ్లు సాగి, కాయ కట్టకుండానే ఎండిపోతుంది. అప్పుడు ప్రశ్న పుడుతుంది. దానికి కావలసింది చీకటా, తడా, మట్టి తగలడమా? నేను జవాబు చెప్పకుండా వదిలేస్తే, ఒక పిల్ల ఇంటి నుంచి నల్ల కవరు తెచ్చి, అందులో తడి ఇసుక పోసి, ఊడ కొనకు కట్టింది. మట్టికి జానెడు ఎత్తున ఆ కవరులో బఠాణీ గింజంత కాయ ఊరింది. పక్క పిల్ల తడి ఇసుకనే తెల్ల కవరులో పోసి కట్టి చూస్తానంది. ఒక ప్రయోగంలో ఒక్కటే మార్చి మిగతావన్నీ అలాగే ఉంచాలన్న నియమాన్ని నేను బోర్డు మీద ఎన్ని క్లాసుల్లో రాసినా ఆ పిల్లకు ఇంత బాగా పట్టేది కాదు.

కాయ చేతిలో పట్టుకుని కాడ వెంట వేలు పైకి పోనిస్తే అది కొమ్మ దగ్గరికి తీసుకెళుతుంది, వేరు దగ్గరికి కాదు. క్లాసంతా ఒక్క గొంతుతో చెప్పిన జవాబు అక్కడ ఎవరూ దిద్దకుండానే మారిపోతుంది. ఆ సాయంత్రం చాలా ఇళ్లలో ఆ మాటే నడుస్తుంది. "మా నాయన ఊడలు దిగే ముందు జిప్సం వేస్తాడు మేడమ్, ఎందుకని అడిగితే అందరూ వేస్తారు కదా అన్నాడు" అని మరుసటి రోజు ఒకడు అడిగాడు. మంచి ప్రశ్న. ఎకరాకు 200 కిలోల జిప్సం వేయమని మన వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. జిప్సంలో కాల్షియం, గంధకం ఉంటాయి. మొక్కలో కాల్షియం నీటితో పాటు వేర్ల నుంచి ఆకుల వైపు పైకి పోతుంది. ఆకులు నీటిని ఆవిరిగా వదులుతాయి కాబట్టి లాగుతాయి. మట్టిలో ఉన్న కాయ నుంచి నీరు ఆవిరైపోదు. అందుకే వేరు పీల్చిన కాల్షియం కాయకు సరిగా చేరదు, కాయ తన చుట్టూ ఉన్న మట్టిలోంచే దాన్ని నేరుగా తీసుకోవాలి. చాలకపోతే తాలు కాయలు వస్తాయి. బాష్పోత్సేకం అని పుస్తకంలో ఉన్న పెద్ద మాట ఆ పిల్లవాడికి వాళ్ల నాయన చేస్తున్న పనిలో దొరికింది.

ఇక బరువు లెక్క. మొక్క పెరిగిన బరువంతా ఎక్కడి నుంచి వచ్చిందని అడగండి. ఏడో తరగతిలోనే కాదు, పదో తరగతి పిల్లలు, పెద్దవాళ్లు కూడా మట్టిలోంచి అంటారు. ఈ ప్రశ్న పాతదే. ఇప్పటి బెల్జియం ప్రాంతానికి చెందిన వాన్ హెల్మాంట్ అనే ఆయన 200 పౌండ్ల ఎండుమట్టి తూచి, తొట్టిలో పోసి, 5 పౌండ్ల విల్లో మొక్క నాటి, నీళ్లు మాత్రమే పోస్తూ 5 ఏళ్లు పెంచాడు. చెట్టు 169 పౌండ్లకు పెరిగింది. మట్టిని మళ్లీ ఎండబెట్టి తూస్తే తగ్గింది సుమారు 2 ఔన్సులు, అంటే 60 గ్రాములు కూడా కాదు. ఆయన చనిపోయాక 1648లో అచ్చయిన పుస్తకంలో ఈ ప్రయోగం ఉంది. బరువంతా నీటి నుంచే వచ్చిందని ఆయన తేల్చాడు. అందులో సగం నిజమే. గాలి సంగతి ఆయన లెక్కలోకి రాలేదు. ఎండిన మొక్క బరువులో సగానికి కాస్త తక్కువ కార్బనే, అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచి వచ్చిందే.

మేం ఐదేళ్లు ఆగలేం. కొన్ని డబ్బాల్లో మట్టిని ఎండబెట్టి, కిరాణా అంగడి వాళ్ల కాటా అడిగి తెచ్చి, తూచి పోస్తాం. పంట అయ్యాక వేళ్లకు అంటుకున్న మట్టిని కూడా దులిపి, ఎండబెట్టి, మళ్లీ తూస్తాం. మా కాటాకు అంత సూక్ష్మం తెలియదు, కొంత మట్టి నీళ్లతో కొట్టుకుపోతుంది కూడా. ఆ తేడాలు ఎందుకు వచ్చాయో పిల్లలే వాదించుకుంటారు. కానీ ఎంత వాదించుకున్నా, అంత చెట్టుకూ అన్ని కాయలకూ సరిపడే గుంత మట్టిలో పడలేదని వాళ్లకు కళ్ల ముందే కనబడుతుంది. "అయితే చెట్టు గాలి తిని పెరిగిందా మేడమ్?" అని అడుగుతారు. కిరణజన్య సంయోగక్రియ పాఠం నేను ఆ ప్రశ్న వచ్చాకే మొదలుపెడతాను.

వేర్లు పీకి చూసే రోజు ఇంకొకటుంది. చిన్న చిన్న బొడిపెలుంటాయి. రోగమేమో అని కొందరు భయపడతారు. బ్లేడుతో నేను కోసి చూపిస్తే లోపల గులాబీ రంగు. మన రక్తంలో హీమోగ్లోబిన్ లాంటిదే, ఇనుము ఉన్న పదార్థం ఆ బొడిపెల్లోనూ ఉంటుందని, దాని పేరు లెగ్‌హీమోగ్లోబిన్ అని చెబితే పిల్లలు ఒక్క క్షణం నమ్మరు. గాలిలో 78 శాతం నత్రజని ఉన్నా ఏ మొక్కా దాన్ని నేరుగా వాడుకోలేదు. ఆ బొడిపెల్లో ఉండే రైజోబియం బాక్టీరియా దాన్ని మొక్కకు పనికొచ్చేలా మారుస్తుంది. ఆ పనికి ఆక్సిజన్ ఎక్కువైతే చెరుపు, అందుకే ఆ గులాబీ పదార్థం ఆక్సిజన్‌ను పట్టి ఉంచుతుంది. ఐరన్ మాత్రలు ఎందుకు వేసుకోవాలో, మధ్యాహ్న భోజనంతో పాటు శెనక్కాయ చిక్కీ ఎందుకు ఇస్తారో ఆడపిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి సందర్భం నాకు దొరకలేదు.

కొన్ని డబ్బాల్లో చిటికెడు యూరియా వేయించి, కొన్నింటిలో వేయకుండా, బొడిపెలు లెక్కపెట్టిస్తాను. నత్రజని చేతికి అందుతుంటే మొక్క బాక్టీరియాకు తక్కువ చోటిస్తుంది, బొడిపెలు తగ్గుతాయి. ఇది అందరికీ తెలిసిన ఫలితమే. ఒక ఏడాది ఒక జట్టుకు యూరియా వేసిన డబ్బాలోనే బొడిపెలు ఎక్కువ వచ్చాయి. పక్క జట్ల అంకెలు చూసి, వాళ్లు తమ అంకెను కొట్టేసి తక్కువ రాశారు. ఎందుకు దిద్దారని అడిగితే "తప్పొచ్చింది మేడమ్" అన్నారు.

ఆ మాట విని నాకు చాలా బాధ కలిగింది. లెక్కపెట్టింది తప్పు కాదు. పుస్తకంతో కలవకపోతే తప్పనుకోవడం మేమే వాళ్లకు నేర్పాం, ఒకటో తరగతి నుంచీ. అందరం ఆ డబ్బా దగ్గరికి వెళ్లి చూశాం. అడుగున బెజ్జం పెద్దదిగా ఉంది. యూరియా వేసిన వెంటనే గట్టి వాన పడిందని వాళ్ల నోటుబుక్కులోనే రాసి ఉంది. యూరియా కొట్టుకుపోయి ఉండొచ్చన్నారు. అది నిజమో కాదో తేల్చాలంటే ఏం చేయాలో కూడా వాళ్లే చెప్పారు. కొట్టేసిన అంకెను మళ్లీ రాయించాను. ఆ ఏడాది ఆ జట్టుకు పూర్తి మార్కులు వేశాను.

నేను మార్కుల గురించి ఇంతగా పట్టుబట్టడానికి కారణం ఇదే. ఏడాది మధ్యలో జరిగే ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షల్లో ప్రాజెక్టు పనికి మార్కులుండటం మంచి ఆలోచన. కానీ అమలులో అది ఏమైందో టీచర్లందరికీ తెలుసు. పరీక్షకు రెండు రోజుల ముందు స్టేషనరీ అంగడిలో థర్మోకోల్ బొమ్మలు, ముద్రించిన చార్టులు అమ్ముడుపోతాయి. నెట్ సెంటరులో ప్రింటు తీసిన కాగితాలకు రంగుల అట్ట వేస్తారు. మొక్క పెంచే ప్రాజెక్టు ఇచ్చినా, ఎవరి మొక్క బాగుంటే వాళ్లకు మార్కులన్నారంటే నర్సరీ నుంచి కొన్న మొక్క వచ్చేస్తుంది. పిల్లల్ని నేను తప్పుపట్టను. మనం దేనికి మార్కు వేస్తే వాళ్లు దాన్నే తెస్తారు.

నోటుబుక్కుకు వేసి చూడండి. తేదీ, ఎత్తు, ఆకుల సంఖ్య, వాన ఎంత, ఏం కనిపించింది, ఎందుకనుకుంటున్నాను. ఇంతే. మా తరగతిలో ఒక పిల్లవాడి చెట్లు చిన్నగా ఉన్నప్పుడే వరసగా వాడిపోయాయి. వాడు పీకి చూసి, మొదలు దగ్గర నల్లటి పొడి ఉందని రాశాడు, బొమ్మ వేశాడు, ఏ రోజు ఎన్ని పోయాయో రాశాడు, పక్క డబ్బాకు పాకిందా లేదా చూశాడు. అది మొదలుకుళ్లు తెగులని రైతు సేవా కేంద్రంలో అడిగి తెలుసుకుని వచ్చాడు. వాడికి ఒక్క కాయ కూడా రాలేదు. నిండా మార్కులు వచ్చాయి. "వాడి చెట్లన్నీ చచ్చిపోయాయి కదా మేడమ్" అని మిగతావాళ్లు గొడవ చేశారు. వాడి నోటుబుక్కు అందరి చేతా చదివించాను. ఆ తరువాత గొడవ లేదు, పైగా చాలామంది బొమ్మలు వేయడం మొదలుపెట్టారు.

వాన కొలవడం గురించి కూడా చెప్పాలి. మూతి నుంచి అడుగు దాకా ఒకే వెడల్పు ఉన్న డబ్బా ఆరుబయట పెట్టి, పడిన నీటి ఎత్తును స్కేలుతో కొలిస్తే అది మిల్లీమీటర్లలో వాన. ఇంత సులువని తెలియక పిల్లలు అదేదో పెద్ద యంత్రం పని అనుకుంటారు. మా జిల్లాకు నైరుతి మేఘాలు పడమటి కనుమల్ని దాటుకుని రావాలి, ఈశాన్య మేఘాలు తూర్పు తీరం నుంచి చాలా దూరం రావాలి. రెండింటికీ మేం చివర ఉన్నాం. జూలైలో విత్తిన తరువాత వాన మొహం చాటేస్తే పిల్లల డబ్బాల్లోనూ ఆకులు వడలిపోతాయి. డబ్బాకు చెంబుడు నీళ్లు పోయొచ్చు, చేనుకు పోయలేం. కొన్ని డబ్బాలకు నీళ్లు పోయకుండా వాన మీదే వదిలేసి, పూత సమయంలో ఎండు పడితే ఎన్ని కాయలు తగ్గాయో లెక్క తీస్తే, ఇంట్లో నాయన ఆకాశం వైపు ఎందుకు చూస్తుంటాడో ఆ పిల్లలకు అంకెల్లో అర్థమవుతుంది.

మా పెద్దలు మరిచిపోలేని సంవత్సరం 2000. ఆ ఏడాది జిల్లాలో శెనక్కాయ చేలు వైరస్ తెగులుతో కాండం కుళ్లి ఎండిపోయాయి. సుమారు 2.25 లక్షల హెక్టార్లలో పంట దెబ్బతింది, నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. శాస్త్రవేత్తలు వెతికితే ఆ వైరస్ వయ్యారిభామ పుప్పొడిలో దొరికింది. కలుపు మొక్క మీద జబ్బు గుర్తులేమీ ఉండవు. ఆ పుప్పొడి తామర పురుగుల వెంట శెనక్కాయ ఆకుల మీదికి చేరి, పురుగు గీకిన చోట లోపలికి పోతుంది. ఈ సంగతి చెప్పాక పిల్లలు బడి చుట్టూ వయ్యారిభామ ఎంత ఉందో లెక్కపెట్టి పటం గీస్తారు. అది ఒంటికి పడని మొక్క కాబట్టి పీకే పని మాత్రం పెద్దవాళ్లతో, పూతకు రాకముందే చేయిస్తాం. కలుపు, పురుగు, వైరస్, పంట, అప్పు అన్నీ ఒకదానికొకటి ఎలా ముడిపడి ఉన్నాయో చెప్పడానికి ఏ పుస్తకంలోని ఆహారజాలం బొమ్మా దీనికి సాటి రాదని నా అభిప్రాయం.

ఇప్పుడు నన్ను చాలా ఆలోచింపజేసిన ఒక మాట. "మేం మన్నులో పడి కష్టపడేది చాలదా? నా బిడ్డనూ మన్ను తవ్వడానికే బడికి పంపాలా?" అని ఒక తల్లి నన్ను నిలదీసింది. ఆమె అడిగింది న్యాయం. బడుల్లో పని అంటే ఎవరి పిల్లల చేత చేయించారో, ఊడ్చడం, నీళ్లు మోయడం ఎవరి వంతుకు వచ్చాయో మన ఊళ్లలో అందరికీ తెలుసు. అందుకే మా దగ్గర కొన్ని కట్టుబాట్లున్నాయి. మట్టి నింపడం, నీళ్లు పోయడం అందరికీ వంతుల ప్రకారమే, ఆడపిల్లలకు ఒక పని మగపిల్లలకు ఒక పని అని లేదు. అది పీరియడ్‌లోనే జరగాలి, ఆటల పీరియడ్‌లోనో బడి వదిలాకో కాదు. పెంచిన పంట పిల్లలదే, ఉడకబెట్టి ఉప్పు వేసి వాళ్లే తింటారు, టీచర్ల సంచిలోకి పోదు. అన్నిటికన్నా ముందు, కొలవకుండా, రాయకుండా, ప్రశ్న లేకుండా చేసే పని ఏదీ మా సైన్సు పీరియడ్‌లో ఉండదు. ఆ తల్లికి చదువు రాదు. కూతురి నోటుబుక్కును కూతురి చేతే చదివించాను. ఆమె వెంటనే ఒప్పుకుందని చెప్పను. మరుసటి వారం తన చేనులో ఆకుమచ్చ పడిన కొమ్మ ఒకటి కూతురి చేత పంపి, ఇదేమిటో చూడమంది.

కష్టాలు లేవని నేను అనడం లేదు. ఆరు నుంచి పది దాకా బయాలజీకి ఒక్కరే ఉన్న బడులు చాలా ఉన్నాయి. పదో తరగతి ఫలితాల టెన్షన్‌లో కింది తరగతులకు దక్కేది తక్కువ. పాఠాల వరస కూడా అడ్డమే. పూత ఆగస్టులో వస్తుంది, పూల పాఠం ఇంకే నెలలోనో వస్తుంది. నెలవారీ సిలబస్‌కూ పరీక్షలకూ ముడిపెట్టినందువల్ల టీచరు వరస మార్చే వీలు లేదు. నీళ్లకు మేం ఒక దారి చూసుకున్నాం. భోజనం అయ్యాక పిల్లలు సబ్బు లేకుండా ప్లేట్లు కడిగే నీళ్లు వృథాగా పోయేవి, అవే డబ్బాలకు పోస్తాం. డబ్బు ఖర్చు పెద్దగా లేదు.

పట్నాల్లో ఇది కుదరదనే మాట నేను ఒప్పుకోను. కాస్త లోతున్న బకెట్టు, రోజూ కొన్ని గంటల ఎండ తగిలే బాల్కనీ, వేయించని పచ్చి కాయలు ఉంటే శెనక్కాయ హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో కూడా ఊడ దించుతుంది. పొద్దు గూకాక దాని ఆకులు ముడుచుకోవడం ట్యూషన్ నుంచి వచ్చిన పిల్లలు కూడా చూడొచ్చు. ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో ఫీజు కట్టే తల్లిదండ్రులకు ఒక విన్నపం. మీ పిల్లలకు బహుళైచ్ఛిక ప్రశ్నలు చేయడం వస్తుంది. ఒక సీజన్ పాటు ఒక మొక్కను చూసి నిజం రాయడం వస్తుందా అని ఒక్కసారి అడిగి చూడండి.

కొత్తగా పథకం పెట్టమని నేను కోరడం లేదు. బడుల్లో పోషకాహార తోటలు పెంచాలని 2019లోనే కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు బ్యాగు లేకుండా స్థానిక వృత్తులవాళ్ల దగ్గర నేర్చుకోవాలని చెప్పింది, అందులో తోటమాలుల పేరు కూడా ఉంది. కాగితం మీద చోటు ఉంది. టైమ్‌టేబుల్‌లో లేదు. జూలై నుంచి అక్టోబరు దాకా వారానికి ఒకసారి రెండు పీరియడ్లు కలిపి ఈ పనికి కేటాయించాలి. మొక్కల పాఠాలను పంట దశల ప్రకారం ముందువెనకలు చేసుకునే స్వేచ్ఛ సైన్సు టీచరుకు ఇవ్వాలి. ప్రాజెక్టు మార్కుల్లో పరిశీలన నోటుబుక్కుకు విడిగా వాటా పెట్టి, మొక్క చచ్చిపోయినా మార్కు పోదని రాతపూర్వకంగా చెప్పాలి. ఏ పంట అన్నది ఊరిని బట్టి ఉండాలి. గోదావరి జిల్లాల్లో వరి నారు, పాలమూరులో జొన్న, గుంటూరులో మిరప, ఎవరి చేనులో ఏది ఉంటే అది. విద్యాశాఖ, రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎస్‌సీఈఆర్‌టీ) అధికారులు మీ పత్రిక చదువుతారనే నమ్మకంతో ఇది రాస్తున్నాను.

మా పక్క జిల్లా కదిరిలో కె-6, కదిరి లేపాక్షి వంటి వేరుశనగ రకాలను ఇచ్చిన పరిశోధన కేంద్రం ఉంది. రేకులకుంటలో ఇంకొకటి ఉంది, రెడ్డిపల్లిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. అక్కడి శాస్త్రవేత్తలకు కూడా ఒక మనవి. ప్రసంగానికి కాదు, ఊడలు దిగే సమయంలో ఒక్క పూట ఏదైనా ఒక ప్రభుత్వ బడికి వచ్చి పిల్లల నోటుబుక్కులు చూడండి. మావాళ్ల ప్రశ్నలు ముందుగానే రాసి పంపిస్తాం. కాయ లేని ఊడ ఎన్నాళ్లు బతుకుతుంది, తెల్ల కవరులో ఎందుకు కాయ కట్టలేదు, యూరియా వానకు ఎంత లోతుకు పోతుంది అన్నవి ఇప్పటికే సిద్ధంగా ఉన్నాయి.

కృతజ్ఞతలతో,
ఒక బయాలజీ ఉపాధ్యాయురాలు,
కల్యాణదుర్గం ప్రాంతం, అనంతపురం జిల్లా